సగం స్వెటరు, ఒంటి మేజోడు

ప్రస్తుతం నా సూదుల మీద ఉన్నవి ఇవి: చేతులు లేని స్వెటరు, జత లేని మేజోడు, చివరి అంచుకు ముందు ఆగిపోయిన లేసు శాలువా. సంచి అడుగున ఒక మఫ్లరు కూడా ఉంది గాని దాని ఊసు ఇప్పుడొద్దు. ఇంట్లోవాళ్ళు మాత్రం వదలరు. "ఇంకా అదే స్వెటరా?" అని అడుగుతారు. అదే.

అల్లడం మొదలుపెట్టిన కొత్తలో చేతులు మాట వినేవి కావు. పోగు వేలికి బిగుసుకుపోయేది. కుట్లు సూదిని పట్టుకుని జరగమంటే జరిగేవి కావు. వరస చివరికొచ్చేసరికి ఎక్కణ్ణుంచో ఒకటో రెండో కుట్లు ఎక్కువ తేలేవి. ఆ ఎక్కువ కుట్ల గుట్టు తర్వాత తెలిసింది. వరస మొదట్లో పోగును సూది మీదుగా వెనక్కి లాగితే అంచు కుట్టు పైకి లేస్తుంది, దాని రెండు కాళ్ళూ రెండు కుట్లలా కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆ రెండింటినీ అల్లేస్తారు. అందుకే కొత్తవాళ్ళ మఫ్లర్లు పైకి పోయేకొద్దీ వెడల్పవుతాయి. ఇప్పుడు చేతులు వింటున్నాయి, ఊలు వినడం లేదు. నా ప్రగతి అంటే ఇంతే, చికాకు చేతుల్లోంచి లెక్కల్లోకి మారింది.

ఈ మధ్యలో నిజంగా మెరుగుపడింది కన్ను. వేగం పెద్దగా పెరగలేదు, ఇప్పటికీ నాది నత్తనడకే. అల్లికలో మౌలికంగా ఉన్నది ఒకే కుట్టు. ముందు నుంచి చూస్తే అది నిట్, వెనక నుంచి చూస్తే అదే పర్ల్. నిట్ ముఖం ఇంగ్లీషు ‘వీ’ అక్షరంలా ఉంటుంది, పర్ల్ ముఖం అడ్డంగా పడుకున్న చిన్న బొడిపెలా ఉంటుంది. ఈ సంగతి మొదటి పాఠంలోనే చెబుతారు. వినడం వేరు, సూది మీది గుడ్డను చూసి "ఇది ఎన్నో వరస, ఇందాక ఎక్కడ ఆపాను" అన్నది కాగితం చూడకుండా చెప్పగలగడం వేరు. ఆ చూపు వచ్చాక ప్యాటర్న్ (ఎలా అల్లాలో వరస వరసకీ చెప్పే కాగితం) మీద భయం పోయింది. అంతకు ముందు ఫోను మోగితే చాలు, వరస మధ్యలో ఎక్కడున్నానో తెలియక మొదటి నుంచి లెక్కపెట్టుకునేదాన్ని. ఇప్పుడు ‘వీ’లను కింది నుంచి పైకి లెక్కపెడితే ఎన్ని వరసలయ్యాయో గుడ్డే చెబుతుంది.

కన్ను వచ్చాక దక్కిన పెద్ద లాభం, విప్పడం తగ్గింది. పది వరసల కింద ఒక్క కుట్టు నిట్‌కు బదులు పర్ల్ పడిందనుకోండి. ఒకప్పుడైతే సూది లాగేసి పది వరసలూ విప్పేసేదాన్ని. ఇప్పుడు ఆ ఒక్క కుట్టు పైనున్న నిలువు గీతను మాత్రమే సూది నుంచి వదిలేస్తాను. అది మెట్టుమెట్టుగా జారుతుంది, తప్పు దగ్గరికి రాగానే ఆపి, సన్నటి క్రోషె కొక్కెంతో ఒక్కో అడ్డపోగునూ కుట్టులోంచి పైకి లాగుతూ వచ్చేస్తాను. మొదటిసారి కావాలని కుట్టు జార్చేటప్పుడు గుండె దడదడలాడుతుంది. జారిన కుట్టు పక్కకు పాకదు, నిలువునా దాని గీతలోనే జారుతుంది అని చేతికి అర్థమయ్యాక దడ తగ్గుతుంది. ఊలు పోగుకైతే నూగుంటుంది కాబట్టి దానంతట అది త్వరగా జారదు కూడా. నున్నటి నూలు, పట్టు లాంటి పోగులతోనే జాగ్రత్త. నల్ల పోగుతో రాత్రిపూట ఈ పని పెట్టుకోవద్దు. నల్లరంగులో కుట్టేదో నీడేదో తెలియదు. నల్ల స్వెటరు కావాలన్నవాళ్ళు కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక మేజోడు సంగతి. అందులో నాకు ప్రాణం మడమ. సన్న ఊలుతో 64 కుట్లు గుండ్రంగా అల్లుకుంటూ కాలు పొడవునా దిగుతాం. అది బుర్ర పెట్టాల్సిన పని కాదు. పది సెంటీమీటర్లకు 32 కుట్లు పడితే 64 కుట్ల చుట్టుకొలత 20 సెంటీమీటర్లు. పాదం చుట్టుకొలత 22 ఉంటుంది. మేజోడు పాదం కన్నా చిన్నగా ఉండాలి, అప్పుడే సాగి పట్టుకుంటుంది. మడమ దగ్గరికి వచ్చాక 32 కుట్లను పక్కన ఉంచి మిగతా 32 మీద మాత్రమే ముందుకూ వెనక్కీ 32 వరసల పలక అల్లాలి, గుడ్డ ముందువైపు మనకు కనిపించే వరసల్లో ఒక కుట్టు అల్లి ఒకటి అల్లకుండా జరుపుతూ. అలా చేస్తే వెనక పోగులు అడ్డంగా పడి మడమ మందంగా, గట్టిగా వస్తుంది.

ఆ తర్వాతిదే అసలు గారడీ. 17 కుట్లు అల్లి, రెండింటిని ఒకటి చేసి, ఇంకోటి అల్లి, వరస పూర్తికాకుండానే వెనక్కి తిరగాలి. సూది మీద ఇంకా 12 కుట్లు మిగిలే ఉంటాయి, వాటిని ముట్టుకోకూడదు. ఇటువైపు ఒక కుట్టు జరిపి, మూడు పర్ల్ వేసి, రెండు కలిపి, ఒకటి వేసి మళ్ళీ తిరగాలి. వరస వరసకీ ఒక్క కుట్టు దూరం ఎక్కువ వెళ్తూ పోతే, 32 కుట్లు 18 అయ్యేసరికి బల్లపరుపుగా ఉన్న గుడ్డ గిన్నెలా లోతు తిరుగుతుంది. ఎందుకు తిరిగిందో అర్థం కాకపోయినా చెప్పింది చెప్పినట్టు చేస్తే తిరుగుతుంది. తర్వాత బొమ్మ గీసుకుని చూస్తే విషయం మామూలే. మధ్యలో వరసలు ఎక్కువ, పక్కల్లో తక్కువ, ఎక్కువ ఉన్నచోట గుడ్డ ఉబ్బుతుంది. అయినా చేతిలో జరుగుతుంటే మాత్రం ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరిని పిలిచి చూపించాలనిపిస్తుంది. పిలుస్తాను కూడా. వాళ్ళు "బాగుంది" అని వెళ్ళిపోతారు.

పలక రెండు పక్కల నుంచీ పదహారేసి కుట్లు ఎత్తుకుంటే మొత్తం 82 అవుతాయి. రెండు చుట్లకోసారి రెండేసి తగ్గిస్తూ పోతే 18 చుట్లలో మళ్ళీ 64కి దిగుతాం. ఇక్కడ విసిగించేది ఒక్కటే, పలకా పాదమూ కలిసే మూలలో పడే కన్నం. మూలలో ఒక కుట్టు అదనంగా ఎత్తి, దాన్ని మెలితిప్పి అల్లి, తర్వాతి చుట్టులో పక్కదానితో కలిపేస్తే కన్నం మూసుకుంటుంది. వేళ్ళ దగ్గర రెండు సూదుల మీద మిగిలిన కుట్లను కుట్టుసూదితో ఒకదానికొకటి అతికే పనికి మాత్రం నిశ్శబ్దం కావాలి. ముందు సూదిలో మొదటిది నిట్‌గా గుచ్చి తీసెయ్, రెండోది పర్ల్‌గా గుచ్చి ఉంచు. వెనక సూదిలో మొదటిది పర్ల్‌గా గుచ్చి తీసెయ్, రెండోది నిట్‌గా గుచ్చి ఉంచు. ఇది నోటితో జపిస్తూ చెయ్యాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే నేను తల కూడా ఎత్తను, మా ఇంట్లో ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది.

ఇంత ఇష్టమైన మేజోడు ఒంటిదిగా ఎందుకు మిగిలిందంటే, విసుగు వల్ల అనుకుంటారు. విసుగు కొంత ఉంది. అసలు అడ్డంకి బిగువు. మొదటి మేజోడు అల్లిన కాలంలో నా పోగు బిగువుగా నడిచేది. రెండోది మొదలుపెట్టేసరికి చెయ్యి వదులైంది. అవే సూదులు, అదే ఊలు, అవే 64 కుట్లు, కొలిస్తే చుట్టుకొలతలో తేడా కనిపిస్తోంది. రెండూ ఒకేసారి పొడవాటి తీగ ఉన్న ఒకే సర్క్యులర్ సూది మీద అల్లుకుంటే ఈ తంటా ఉండదంటారు. ఆ పద్ధతీ చూశాను. రెండు ఉండల పోగులూ ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి, మడమ తిప్పే ఆనందం రెండు చోట్ల తలా సగం అవుతుంది. నాకది నప్పలేదు. ప్రస్తుతం రెండోదాన్ని ఒక సైజు సన్న సూదుల మీదికి మార్చాను, కొలత దగ్గరకొచ్చింది.

1589లోనే ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళు అల్లే మరమగ్గం లాంటి చట్రాన్ని కట్టాడు. అంటే చేతి అల్లికకు యంత్రం పోటీ వచ్చి నాలుగు వందల ఏళ్ళు దాటింది. మీరు తొడుక్కున్న టీషర్టును దగ్గరగా పెట్టి చూడండి, అదే ‘వీ’ల వరస, లోపలివైపు అవే బొడిపెలు. అది నేత గుడ్డ కాదు, యంత్రం మీద అల్లినది, అందుకే సాగుతుంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఎక్కడ నిలబడినా పక్కవాళ్ళ చొక్కా చేతుల కుట్లు లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది.

శాలువాది వేరే గోల. మెడ దగ్గర కొద్ది కుట్లతో మొదలై త్రికోణంగా పెరిగే రకం. రెండు వరసలకోసారి నాలుగు కుట్లు పెరుగుతాయి. మొదట్లో వరసలు చకచకా పడుతుంటే ఈ వేగంతో ఇట్టే అయిపోతుందనిపిస్తుంది. కాని త్రికోణం లెక్క మోసపు లెక్క. వరసల్లో సగం పూర్తయిందంటే పని సగమైనట్టు కాదు, పాతిక వంతే అయినట్టు. వందకు డెబ్భై వరసలు దాటితే గాని ఊలు సగం ఖర్చు కాదు. ప్యాటర్న్‌లో వరసల సంఖ్య మీద గీతలు కొట్టుకుంటూ పోయేవాళ్ళకు ఇది తెలియదు. చివరి పది వరసలు మొదటి నలభై వరసలకన్నా ఎక్కువ కాలం తింటాయి. నేను వరసల మీద గీతలు కొట్టడం మానేసి ఉండను తూకం వేసుకోవడం మొదలుపెట్టాను. ఎంత దూరమొచ్చామో తూకమే నిజం చెబుతుంది.

లేసులో కన్నాలు కావాలని పెట్టేవి. పోగును సూది మీద ఒక చుట్టు వేస్తే కన్నం, దానితో ఒక కుట్టు పెరుగుతుంది, పక్కనే రెండు కుట్లు కలిపితే లెక్క సరి. పెరిగేదీ తగ్గేదీ చార్టులో, అంటే గళ్ళ బొమ్మలో, గుర్తులుగా ఉంటాయి. ముందువైపు వరసను కుడి నుంచి ఎడమకు చదవాలి, అల్లేదీ అటే కాబట్టి. ఇందాక చెప్పిన కుట్టు జార్చే వైద్యం ఇక్కడ అంత సులువుగా పనిచెయ్యదు. కన్నం దగ్గరా కలిపిన చోటా నిలువు గీతలు చీలి కలుస్తాయి, ఏ పోగు ఏ కుట్టుదో తేల్చుకోవడం కష్టం. అందుకని చార్టు ఒక ఆవృత్తి ముగిసిన ప్రతిసారీ, సూది మీది కుట్లన్నిటిలోంచి వేరే రంగు నున్నటి సన్న దారం ఒకటి దూర్చి వదిలేస్తాను. పైన ఏం జరిగినా సూది లాగేసి నిశ్చింతగా ఆ దారం దాకా విప్పొచ్చు, కుట్లు దాని మీద వరసగా నిలబడి ఉంటాయి. దూర్చేటప్పుడు గుర్తుగా పెట్టుకున్న మార్కర్ రింగుల్లోంచి దారం పోకుండా చూసుకోవాలి, పోయిందంటే ఆ రింగులు అక్కడే ఇరుక్కుంటాయి.

శాలువా నిలిచిపోయింది ఊలు చాలుతుందో లేదో తేలక. ఒక వరసకు దాని వెడల్పుకు మూడు రెట్ల పైన పోగు పడుతుంది, సాగే రకం ముగింపు వరసకు ఇంకా ఎక్కువ. బిగువుగా ముగిస్తే పనికిరాదు, ఎందుకంటే లేసు తడిపి పిన్నులతో సాగదీసి ఆరబెట్టాక గాని లేసు కాదు. అంతకుముందు అది నలిగిన వలలా కుప్పగా ఉంటుంది. అంచు సాగకపోతే మధ్యన ఎంత సాగినా లాభం లేదు. ఆరబెట్టడం మాత్రం నాకు పండగే. చల్లటి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, పరుపు మీద పిన్నులు పెడుతూ లాగుతుంటే ఆకులూ తీగలూ విచ్చుకుంటాయి. ఉన్నికైతేనే ఈ భాగ్యం. అక్రిలిక్‌ను నీళ్ళతో ఎంత సాగదీసినా ఆరాక మళ్ళీ మొదటికే వస్తుంది. ఆవిరి పెట్టి ఒప్పించాలి, వేడి ఎక్కువైతే జీవం చచ్చి వేలాడిపోతుంది. శాలువాకు ప్రస్తుతం నేననుకుంటున్నది, చార్టులో చివరి ఆవృత్తి మానేసి, ముగింపు వరస ఒక్కటీ వేరే రంగుతో వెయ్యడం. కావాలనే వేసినట్టుంటుంది.

ఇక స్వెటరు. దీని మీదే ఎక్కువ కోపం. ప్యాటర్న్ చెప్పిన గేజ్, అంటే ఇంత గుడ్డలో ఎన్ని కుట్లూ వరసలూ పడాలన్న లెక్క, 4 మిల్లీమీటర్ల సూదుల మీద పది సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరసలు. 220 కుట్లతో ఛాతీ చుట్టూ 100 సెంటీమీటర్లు. నమూనా ముక్క అల్లాను, కొలిచాను, 22 వచ్చింది. పెద్ద ముక్కే అల్లాను, అంచులు వదిలి మధ్యలోనే కొలిచాను. ఆ తర్వాత ఉతికి ఆరబెట్టి మళ్ళీ కొలిస్తే 20. రెండు కుట్లే కదా అనిపిస్తుంది. 220 కుట్లకు ఆ తేడా 10 సెంటీమీటర్లు, అంటే స్వెటరులో ఇంకో మనిషి చెయ్యి దూర్చొచ్చు. ఉన్ని మెషీన్లో ఉతికినా ముద్ద కట్టకుండా ఉండేందుకు పోగు మీది పొలుసులను తీసేస్తారు, లేదా పూత పూస్తారు. సూపర్‌వాష్ అని రాసుండేది అదే. పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకోవు కనక తడిస్తే అల్లిక వదులై సాగుతుంది. నమూనా ముక్కను ఉతకకుండా కొలిచి నమ్మడం దండగ.

సన్న సూదులు తీసుకుంటే గేజ్ కలిసేది, కాని గుడ్డ అట్టలా బిగిసింది. వదులుగా వచ్చిందే చేతికి హాయిగా ఉంది. అందుకని గేజ్‌ను ప్యాటర్న్‌కు కలపడం మానేసి ప్యాటర్న్‌నే గేజ్‌కు కలిపాను. దానిలో 91 సెంటీమీటర్ల సైజుకు 200 కుట్లున్నాయి. నా గేజ్ మీద 200 కుట్లంటే సరిగ్గా 100 సెంటీమీటర్లు. చిన్న సైజు కుట్లు పట్టుకుని నా సైజు స్వెటరు. ఈ ఉపాయం తట్టినప్పుడు చాలా గర్వపడ్డాను. వెడల్పు చక్కగా కుదిరింది.

పొడవు దగ్గర మళ్ళీ మెలిక. మెడ నుంచి కిందికి అల్లే రాగ్లాన్‌లో (మెడ నుంచి చంకకు ఏటవాలు గీతలుండే స్వెటరు) భుజం లోతు కొలతతో కాదు, వరసలతో నిర్ణయమవుతుంది. ఉతికాక నాకు పది సెంటీమీటర్లకు 30కి బదులు 27 వరసలే ఉన్నాయి. 60 వరసల భుజం 20 సెంటీమీటర్లు ఉండాల్సింది, 22 దాటుతుంది. చంక కిందికి జారుతుంది. కుట్లు పెంచే వరసల మధ్య దూరం తగ్గించి 54 వరసల్లో ముగించాను. ప్యాటర్న్ రాసేవాళ్ళు అడ్డం గేజ్ గురించి అంత నొక్కి చెబుతారు, నిలువు గేజ్ గురించి "అంత ముఖ్యం కాదు" అని దాటేస్తారు. మొండెం వరకైతే నిజమే, అక్కడ టేపు పెట్టి కావలసినంత అల్లుకోవచ్చు. భుజానికీ చేతులకీ మాత్రం అదే ప్రాణం.

ఊలు ఇక్కడా చిక్కే. చివరి రెండు చిలపలు (ఊలు కట్టలు) వేరే లాట్ నంబరువి, అంటే వేరే విడతలో రంగు వేసినవి. ఉండలుగా పక్కపక్కన పెడితే ఒకే నీలం. అల్లితే మధ్యలో గీత గీసినట్టు తెలుస్తుంది. పాత చిలపా కొత్త చిలపా పక్కన పెట్టుకుని, రెండు చుట్లు దీనితో రెండు చుట్లు దానితో మారుస్తూ పోతే రంగు కలిసిపోతుంది. నడుము కింద అలాగే చేశాను. పోగు మార్చే చోట బిగువు లాగేస్తే మెట్టు పడుతుంది కాబట్టి ఆ చోటును పక్కకు, చంక కిందికి వచ్చేలా పెట్టాను.

ఇక మిగిలినవి చేతులు. పక్కన దారం మీద ఉంచిన 64 కుట్లు మణికట్టు దగ్గరికి 44 కావాలి, అంటే రెండేసి కుట్లు చొప్పున పదిసార్లు తగ్గించాలి. ప్యాటర్న్ పది చుట్లకోసారి తగ్గించమంది. 42 సెంటీమీటర్ల చేతికి దాని లెక్కలో 126 చుట్లు, నా లెక్కలో 113 చుట్లే. పది చుట్లకోసారి తగ్గిస్తే చివర పట్టీకి చోటు మిగలదు. తొమ్మిది చుట్లకోసారి తగ్గిస్తే తొంభై చుట్లలో అయిపోతుంది, పట్టీకి 16, చంక దగ్గర తగ్గించకుండా 7. సరిపోయింది. చంక మూలలో మడమ మూలలో పడినట్టే కన్నం పడుతుంది, దాని మందు ఎలాగూ చేతిలో ఉంది.

మిగిలిన ఊలును వంటింటి త్రాసు మీద పెట్టి సమానంగా రెండు ఉండలు చుట్టి పెట్టాను. ఒక చేతికి ఒక ఉండ. ఉండ ముందు అయిపోతే చేతులు మోచేతి కింద ఆగుతాయి, రెండూ ఒకేచోట ఆగుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. మణికట్టు నొప్పి వల్ల రోజుకు కొద్దిగానే అల్లుతున్నాను, పర్ల్ వరసలు లేని పని కాబట్టి గుండ్రంగా సాగిపోతోంది. ఆ తర్వాత చిలపలు మారిన చోటల్లా వేలాడుతున్న కొసలు దాచే పని ఉంది. అది అల్లిక కిందికి రాదు, శిక్ష కిందికి వస్తుంది. దాన్ని ఇంట్లోవాళ్ళెవరికైనా అంటగట్టాలని చూస్తున్నాను.